దొడ్డిదారిన వచ్చిన పల్లీ

ఇడ్లీలోకి పల్లీ చట్నీ నంజుకుంటాం. పల్లీలోని ప్రొటీన్లు మనవి కావు, పరాయివి. అయినా మన రోగనిరోధక కణాలు వాటి జోలికి పోవు. అన్నీ పొట్టలోనే అరిగిపోతాయేమో అనుకుంటే పొరపాటే. కొన్ని ముక్కలు అరక్కుండానే పేగు గోడ దాటుతాయి. కణాలు వాటిని చూస్తాయి, చూసి ఊరుకుంటాయి. ఆ ఊరుకోవడం ఎవరో నేర్పాలి.

నేర్పేది పేగుల్లోని డెండ్రిటిక్ కణాలు. ప్రొటీన్ ముక్కను లింఫు గ్రంథికి మోసుకెళ్లి, ఇంకా ఏ పనికీ కుదురుకోని టి-కణాలకు (ఇవీ ఒక రకం రోగనిరోధక కణాలే) చూపిస్తాయి. దాంతోపాటు విటమిన్-ఎ నుంచి తయారైన రెటినోయిక్ ఆమ్లాన్నీ, టీజీఎఫ్-బీటా అనే సంకేతాన్నీ అందిస్తాయి. అప్పుడు కొన్ని కణాల్లో ఫాక్స్‌పీ3 జన్యువు మేల్కొంటుంది. అవి నియంత్రక టి-కణాలవుతాయి. కొట్లాటకు దిగబోయేవాళ్లను "పోనీలేరా" అని వెనక్కి లాగే పెద్దమనిషి బాపతు. జన్యువును మూసి ఉంచే మిథైల్ అనే రసాయన తాళాలు ఊడిపోతే, కణం ఎన్నిసార్లు విభజన చెందినా ఆ బుద్ధి మారదు. ఈ కణాల సంగతి బయటపెట్టిన షిమోన్ సకగుచి, ఫాక్స్‌పీ3 గుట్టు విప్పిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025లో నోబెల్ వచ్చింది.

అదే పల్లీ పొడి ఎగ్జిమా అనే చర్మవ్యాధితో పగిలిన చర్మంలోంచి దూరితే కథ అడ్డం తిరుగుతుంది. దెబ్బతిన్న చర్మం అప్పటికే ప్రమాద ఘంటికలు కొడుతూ ఉంటుంది. ఆ గోలలో కనబడినదాన్ని కణాలు దొంగగానే గుర్తుపెట్టుకుంటాయి.

బ్రిటన్‌లో 1998 నుంచి కొన్నేళ్లపాటు, అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా పల్లీలు పెట్టొద్దన్నారు. మంచికే చెప్పారు. కానీ ఇంట్లో పెద్దలు తింటూనే ఉన్నారు కదా, ఆ పొడి పిల్లల చర్మానికి తగలకుండా ఉంటుందా! నోటి దారి మూసి, చర్మం దారి తెరిచి పెట్టినట్టయింది. అటు ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు బాంబా అనే పల్లీ చిరుతిండి తింటూ పెరుగుతారు. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ అక్కడికంటే 10 రెట్లు ఎక్కువని అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్ బృందం 2008లో తేల్చింది. తర్వాత తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ, రెండూ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి పల్లీ ఆహారం పెట్టించారు, సగం మందికి మాన్పించారు. అయిదేళ్లు వచ్చేసరికి మాన్పించినవాళ్లలో 17.2 శాతం మందికి అలర్జీ ఉంది, తిన్నవాళ్లలో 3.2 శాతానికే. (ఇలాంటి పిల్లలకు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. గింజలు మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.)

తర్వాత ఏడాదిపాటు అందరికీ పల్లీ ఆపేసి చూశారు. అయినా ముందు తిన్నవాళ్లలో ఆ ఓర్పు చెక్కుచెదరలేదు. అలర్జీ వచ్చాక రోజూ కొంచెం కొంచెం తినిపించి అలవాటు చేసే చికిత్స కూడా ఉంది గానీ, మోతాదు ఆపేస్తే చాలామందిలో కథ మళ్లీ మొదటికే వస్తుంది.