డబ్బిచ్చి మరీ బరువు తీయించుకోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది?

తేలిక కార్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు పెట్టింది ఒక చిన్న వీడియో. ఆదివారం తెల్లారకముందే బెంగళూరులో బయల్దేరి, 44వ నంబరు హైవే మీద పెనుకొండ మీదుగా అనంతపురం వచ్చి, ఉగ్గాని బజ్జీ తిని, ఎండ ముదిరేలోపు వెనక్కి పోయే సూపర్‌కార్లు మనవాళ్లకు కొత్త కాదు. అలా ఆగిన ఒక పోర్షే తలుపు తెరిచి, లోపల హ్యాండిల్ ఉండాల్సిన చోట వేలాడుతున్న ఎర్ర గుడ్డ పట్టీని దగ్గరగా చూపించి, "కోట్లు పోసినా హ్యాండిల్ ఇయ్యలేదు సామీ" అని ఎవరో కుర్రాడు నవ్వాడు. బరువు తగ్గించడానికి కంపెనీయే అలా పెట్టింది. అంతే, ఇక్కడి కార్ల గ్రూపులు రెండుగా చీలిపోయాయి. ఒక్క కిలో తగ్గినా స్టీరింగ్‌లో తెలుస్తుందని ఒక వర్గం, ఉన్నవి పీకించుకుని పైన ఎక్కువ రేటు కట్టడం ఏం తెలివని ఇంకో వర్గం.

మామూలుగా అయితే ఇలాంటివి రెండు రోజుల్లో చల్లారిపోతాయి. ఇప్పుడు చల్లారకపోవడానికి కారణం ఉంది. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందం ప్రకారం, అక్కడ తయారైన కార్ల మీద మన దగ్గర నూరు శాతం పైన ఉన్న దిగుమతి సుంకం కోటా మేరకు 10 శాతానికి దిగాలి. మెక్‌లారెన్ సూపర్‌కార్లు తయారయ్యేది అక్కడే. దాంతో ఇన్నాళ్లూ పోస్టర్లు చూసి వాదించుకున్నవాళ్లలో కొందరు, అంటే బెంగళూరులో వ్యాపారాలు చేసుకుంటున్న మనవాళ్లు, నిజంగానే ఆప్షన్ల లిస్టు ముందేసుకుని కూర్చున్నారు. బరువు తగ్గించే ప్యాకేజీకి టిక్ పెట్టాలా వద్దా అన్నది వాళ్లకు సరదా ప్రశ్న కాదు, డబ్బుల ప్రశ్న.

పాత చరిత్ర జోలికి పెద్దగా పోను. లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ చెప్పాడనే "ముందు సింపుల్ చెయ్, తర్వాత తేలికతనం కలుపు" అన్న మాట స్టేటస్‌లలో చూసి చూసి అందరికీ కంఠతా వచ్చేసింది. 1987 ఫెరారీ ఎఫ్40 తలుపు తెరవడానికి లోపల ఒక తీగ ఉంటుందనీ, కార్పెట్ ఉండదనీ, రేడియో ఉండదనీ కార్ల పిచ్చి ఉన్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. వాటితో ఇప్పటి గొడవ అర్థం కాదు. నా లెక్క ప్రకారం దీనికి మూలం 1972, 73లలో జర్మనీలో, పోర్షే కంపెనీ ఊరైన స్టుట్‌గార్ట్‌లో ఉంది, అది కూడా ఇంజన్లో కాదు, ఆర్డర్ ఫారంలో.

సంగతి ఇదీ. జీటీ రేసుల్లో గ్రూప్ 4 అనే విభాగంలో దిగాలంటే అదే మోడల్ రోడ్డు కార్లు కనీసం 500 తయారు చేయాలని రూలు. పోర్షే తన 911 మోడల్‌ని తీసుకుని 2.7 లీటర్ల, 210 హార్స్‌పవర్ ఇంజను పెట్టింది, పల్చటి రేకు, పల్చటి అద్దాలు వాడింది, వెనక డక్‌టెయిల్ (బాతు తోక) అని పేరుపడ్డ స్పాయిలర్, అంటే గాలిని మళ్లించే రెక్క, బిగించింది. వెనక సీట్లు, కార్పెట్లు, గడియారం, ఆర్మ్‌రెస్టులు, చివరికి కోటు తగిలించుకునే కొక్కేలు కూడా వదల్లేదు, అన్నీ తీసేసింది. దీని పేరు కరెరా ఆర్ఎస్ 2.7. 500 అమ్ముడుపోతాయా అని కంపెనీ సేల్స్ వాళ్లకే నమ్మకం లేదు. 1972 అక్టోబరులో పారిస్ షోలో పెడితే నవంబరు ఆఖరుకల్లా 500 ఎగిరిపోయాయి, చివరికి తయారైనవి 1,580.

ఇంతవరకూ అందరూ చెప్పుకునే విజయగాథే. కానీ ఆర్డర్ ఫారంలో ఏముందో చూడండి. కారు ధర 34,000 మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు). ఇంకో 700 మార్కులు ఇస్తే స్పోర్ట్, అంటే బోసిగా ఉండే తేలిక రకం, బరువు 960 కిలోలు. 700 బదులు 2,500 మార్కులు ఇస్తే టూరింగ్, అంటే తీసేసిన సౌకర్యాలు మళ్లీ లోపలికి వచ్చే రకం, బరువు 1,075 కిలోలు. స్పోర్ట్ 5.8 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, టూరింగ్‌కి 6.3 పడుతుంది. మరి కొన్నవాళ్లు ఏది తీసుకున్నారు? స్పోర్ట్ 200 మంది, టూరింగ్ 1,308 మంది. మిగిలిన కొద్దీ రేసు కార్లూ, అనుమతుల కోసం చేసిన బండ్లూ.

అంటే తేలిక కారు చరిత్రలో ఇంత పేరున్న మోడల్‌ని కొన్నవాళ్లలో అత్యధికులు బరువు వెనక్కి పెట్టించుకోవడానికి డబ్బు కట్టారు. స్పోర్ట్ కన్నా 1,800 మార్కులు, అంటే కిలోకి దాదాపు 16 మార్కులు, ఎక్కువిచ్చి మరీ 115 కిలోలు ఎక్కించుకున్నారు. వాళ్లేం తెలివితక్కువ వాళ్లు కాదు, రోజూ ఆఫీసుకి తోలుకుంటూ వారాంతంలో కొండ రోడ్డెక్కే మనుషులు. ఈ 1,308 అన్న అంకెని కంపెనీల ప్రచారంలో ఎవరూ పెద్దక్షరాలతో రాయరు. 200 అన్నదే రాస్తారు, ఎందుకంటే తర్వాతి దశాబ్దాల్లో వేలంపాటల్లో ఎక్కువ ధర పలికింది ఆ 200 కార్లే. తక్కువమంది కోరుకున్నది తర్వాత అందరికీ కావాల్సి వచ్చింది. కంపెనీలు నేర్చుకున్న పాఠం ఇదేనని నా అభిప్రాయం: తేలికతనం కన్నా అది కొందరికే దొరకడం బాగా అమ్ముడుపోతుంది.

నమ్మకపోతే నలభై ఏళ్లు దూకి 2013కి రండి. అదే కంపెనీ 918 స్పైడర్ అనే హైబ్రిడ్ సూపర్‌కారు తెచ్చి, వైసాక్ ప్యాకేజీ అని ఒకటి పెట్టింది. మెగ్నీషియం చక్రాలు, పైకి కనిపించే కార్బన్ ఫైబర్ భాగాలు, తగ్గించిన సౌండ్ ఇన్సులేషన్, అన్నీ కలిపి తగ్గేది 41 కిలోలు. అమెరికాలో దాని రేటు 84,000 డాలర్లు. కిలోకి రెండు వేల డాలర్లు దాటింది. 41 కిలోలంటే సుమారు 55 లీటర్ల పెట్రోలు బరువు. ఆ కారు ట్యాంకు 70 లీటర్లది, కాబట్టి ఫుల్ ట్యాంకు కొట్టించినవాడికీ అడుగంటిన ట్యాంకుతో తిరిగేవాడికీ మధ్య తేడా ఆ ప్యాకేజీ కన్నా ఎక్కువే. ప్యాకేజీలో బరువు ఒక్కటే లేదు, చక్రాల అందం ఉంది, రంగులున్నాయి, ఒప్పుకుంటాను. కానీ అమ్మేటప్పుడు ముందు చెప్పింది కిలోల గురించే కదా.

ఇంక బ్రోచర్లలో కిలోల కథ. గ్రూపులో సగం తిట్లు దీని దగ్గరే పుడుతున్నాయి, ఎందుకంటే ఒకరు ఒక రకం బరువు చెబుతారు, ఇంకొకరు ఇంకో రకంతో పోల్చి కొట్టిపారేస్తారు. డ్రై వెయిట్ అంటే ఆయిలు, కూలెంటు, పెట్రోలు ఏవీ లేని బరువు, అలాంటి కారు అంగుళం కూడా కదలదు. డిన్ లెక్క, అంటే జర్మనీ ప్రమాణం, ద్రవాలన్నీ, 90 శాతం పెట్రోలుతో తూచింది. యూరప్ లెక్కలో దానికి 75 కిలోల మనిషిని కూడా కలుపుతారు. 2020లో వచ్చిన మెక్‌లారెన్ 765ఎల్‌టీనే చూడండి. మామూలు 720ఎస్ కన్నా 80 కిలోలు తక్కువని చెప్పారు, అది నిజమే, డిన్ లెక్కలో 1,419 నుంచి 1,339కి వచ్చింది. కానీ పెద్దగా ప్రచారమైన అంకె 1,229, అంటే అన్ని తేలిక ఆప్షన్లూ పెట్టించుకున్న కారు డ్రై వెయిట్. ఒకే కారుకి రెండు లెక్కల మధ్య తేడా 110 కిలోలు, ఇంజినీర్లు కష్టపడి తగ్గించిన 80 కన్నా ఎక్కువ! మన దగ్గర ఆర్సీ మీద అన్‌లాడెన్ వెయిట్ అని ఒక గడి ఉంటుంది. బ్రోచర్ పక్కన ఆర్సీ పెట్టి చూసుకున్న ఓనర్లు కొందరు ఆ రోజు నుంచి ఈ వాదనలకు రావడం మానేశారు. వేరుశనగ లారీలు తూచే కాటా మీద పెట్టి తేల్చుకుందామని ఒక సలహా కూడా వచ్చింది కానీ, ఆ కాటాలు చాలావరకు అయిదు, పది కిలోల మెట్లలో చూపిస్తాయి, సౌండ్ సిస్టం తీసేస్తే తగ్గే కిలోన్నర దాంట్లో ఎక్కడ కనిపిస్తుంది?

ఏసీ విషయం అన్నిటికన్నా తమాషా. 2015లో 675ఎల్‌టీ వచ్చినప్పుడు మెక్‌లారెన్ ఏసీ తీసేసి, కావాలన్నవాళ్లకు పైసా అదనంగా అడక్కుండా తిరిగి పెట్టిచ్చింది. 765ఎల్‌టీకీ అదే పద్ధతి. బరువు ఎంత ముఖ్యమో చెబుతూనే, అడిగితే ఊరికే వెనక్కిచ్చారన్నమాట. "ఏప్రిల్లో గుత్తి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏసీ లేకుండా ఏం చేస్తావన్నా" అని గ్రూపులో ఒకరు అడిగితే అవతలి వర్గం నుంచి జవాబు రాలేదు, నవ్వు బొమ్మలు మాత్రం వచ్చాయి.

అయితే తేలికతనం మొత్తం మార్కెటింగేనా అంటే, కాదు. ఇక్కడ 1992కి వెనక్కి వెళ్లాలి. దక్షిణాఫ్రికాలో పుట్టిన గోర్డన్ ముర్రే గీసిన మెక్‌లారెన్ ఎఫ్1 బరువు 1,138 కిలోలు. రోడ్డు కార్లలో కార్బన్ ఫైబర్ మోనోకాక్ ఛాసిస్‌తో, అంటే ఒకే గుల్లగా చేసిన చట్రంతో, వచ్చిన మొదటిది అదే. దాంట్లో ఏసీ ఉంది. సీడీ ప్లేయర్ ఉంది, తేలికగా చేసివ్వమని ఆడియో కంపెనీ కెన్‌వుడ్‌ని అడిగి చేయించుకున్నారు. మూడు సీట్లున్నాయి, రెండు పక్కలా సామాను పెట్టుకునే అరలున్నాయి. ఇంజను గదికి బంగారు రేకు పూత వేసింది షోకు కోసం కాదు, వేడిని వెనక్కి కొట్టడంలో బంగారం చాలా బాగా పనిచేస్తుందని. ముర్రే ఓనర్ సుఖంలో కోత పెట్టలేదు, బోల్టు దగ్గర్నుంచీ బ్రాకెట్ దగ్గర్నుంచీ ప్రతి భాగాన్ని మళ్లీ గీశాడు. ఇంజను 250 కిలోలు దాటకూడదన్నాడు, బీఎండబ్ల్యూ 266కి తెచ్చింది. అదే మనిషి 2020లో చూపించిన టీ.50 కారులో కాస్‌వర్త్ కంపెనీ చేసిన 12 సిలిండర్ల వీ12 ఇంజను 178 కిలోలే, కారు మొత్తం వెయ్యి కిలోల లోపు, అందులోనూ మూడు సీట్లు, ఏసీ, సామాను చోటు ఉన్నాయి. ఇంజను తేలికైతే దాన్ని మోసే ఛాసిస్ తేలికవుతుంది, కారు తేలికైతే చిన్న బ్రేకులు చాలు, చిన్న బ్రేకులుంటే చిన్న చక్రాలు చాలు. పుట్టుకలో తేలికైన కారుకీ, పుట్టాక కార్పెట్ పీకిన కారుకీ తేడా ఇదే. గ్రూపులో రెండు వర్గాలూ ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి అరుచుకుంటున్నాయి.

ఓనర్ల మాట కూడా వినాలి. తేలిక రకాలు తోలేవాళ్లు అందరూ ఒప్పుకునేది ఒకటుంది: చక్రాల దగ్గర, బ్రేకుల దగ్గర తగ్గిన బరువు నిజంగా తెలుస్తుంది, ఎందుకంటే అది స్ప్రింగుల కింద ఉండే బరువు, గతుకు మీద చక్రం తొందరగా కుదురుకుంటుంది. సిరామిక్ బ్రేకు డిస్కులు మామూలు ఇనుప డిస్కుల్లో సగం బరువే ఉంటాయి. కానీ ట్రాకు మీద గట్టిగా వాడేవాళ్లు చాలామంది వాటిని విప్పి ఇంట్లో దాచి, ఇనుప డిస్కులు వేసుకుంటారు, అరిగితే మార్చే ఖర్చుకి భయపడి. సౌండ్ ఇన్సులేషన్ తగ్గించిన కార్ల మీద ఫిర్యాదు ఇంకోటి. చక్రం ఎత్తిన కంకర అడుగున తగిలే చప్పుడు లోపలికి నేరుగా వినిపిస్తుంది, హైవే పక్క నుంచి కదిరి రోడ్డెక్కితే అది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒంటిని బిగించి పట్టే లోతైన బకెట్ సీట్లలోంచి దిగేటప్పుడు నడుము పట్టేస్తుందనేవాళ్లు నలభై దాటిన ఓనర్లు, అంటే కొనగలిగేవాళ్లలో చాలామంది.

బెంగళూరులో స్థిరపడిన మా జిల్లా ఆయన ఒకరు పోర్షే 911 జీటీ3 తోలుతాడు. కొనేటప్పుడు తేలిక కోసం అన్నీ వెతికి, ముందు భాగాన్ని పైకెత్తే లిఫ్ట్ మాత్రం వేయించుకున్నాడు. అది బరువు పెంచే ఆప్షన్. అది లేకపోతే మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద ముందు బంపర్ ఉండదు. ఇప్పుడు గ్రూపులో ఆయన ఏ వర్గమని అడిగితే చెప్పడు.

తేలిక పక్షం వాళ్ల దగ్గర బలమైన వాదన ఒకటుంది, అది హైబ్రిడ్లది. పెట్రోలు ఇంజనుకి బ్యాటరీ, మోటారు తోడైతే కారు బరువెక్కుతుంది. లంబోర్గినీ రెవుయెల్టో డ్రై వెయిటే 1,772 కిలోలు. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 హైబ్రిడ్ 2,435 కిలోలు. 911 జీటీఎస్‌కి హైబ్రిడ్ తగిలిస్తే 50 కిలోల దాకా పెరిగింది. ఇలా పెరుగుతుంటే 1,380 కిలోల 911 ఎస్/టీ లాంటివి ఎగబడి కొనక ఏం చేస్తారు అంటారు వాళ్లు. నిజమే. కాకపోతే ఆ ఎస్/టీని పోర్షే 1,963 మాత్రమే చేసింది. 200 కార్ల పాఠం ఎవరూ మర్చిపోలేదు.

మన కొనుగోలుదారుకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. దిగుమతి సుంకం కారు పూర్తి విలువ మీద పడుతుంది, కార్బన్ ప్యాకేజీ కూడా ఆ విలువలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ అక్కడ కిలోకి రెండు వేల డాలర్లంటే ఇక్కడికొచ్చేసరికి రెట్టింపు దాటింది. బ్రిటన్ కార్లకు కోటాలో చోటు దొరికితే ఆ లెక్క మారుతుంది, జర్మనీ, ఇటలీ కార్లకు ఈ ఒప్పందం వర్తించదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందు డీలర్‌ని డిన్ బరువు ఎంతో రాతపూర్వకంగా అడగండి, ఏ ఆప్షన్లతో ఆ అంకె వచ్చిందో అడగండి, ఏసీ గడిలో టిక్ ఉందో లేదో మీరే చూసుకోండి.