పాత వెండి డాలర్ గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఎస్టేట్ సేల్‌లో (ఇంటి పాత సామాను అమ్మకంలో) కొన్న మోర్గాన్ డాలర్లు తెచ్చి నాకు చూపిస్తుంటారు. 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించిన నాణేలివి. బరువు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి. "ఎంత వస్తుందండీ?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. ధర చెప్పాలంటే ముందు గ్రేడ్, అంటే నాణెం ఎంత బాగా నిలిచిందో చెప్పే కొలత, తేలాలి. చిక్కంతా అక్కడే.

అపోహ: తళతళలాడితే మంచి గ్రేడ్.

టంకశాల ఇచ్చిన మెరుపు వేరు, తోమితే వచ్చే మెరుపు వేరు. అచ్చు దెబ్బ పడగానే వెండి అంచుల వైపు సాగుతుంది. ఆ సాగుడులో పడే అతి సన్నటి గీతల వల్లే అసలు లస్టర్, అంటే టంకశాల మెరుపు, పుడుతుంది. దీపం కింద నాణేన్ని మెల్లగా వంచుతూ తిప్పండి. బండి చక్రం ఆకుల్లా వెలుగు చారలు తిరగాలి. తోమిన నాణెంలో ఈ కదలిక ఉండదు, ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తుంది. అయిదు రెట్లు పెద్దదిగా చూపే లూపులో (భూతద్దంలో) చూస్తే రుద్దిన గీతలు కనబడతాయి.

మన ఇళ్లలో పండగకు ముందు వెండి కుందులు విభూతితోనో చింతపండుతోనో తోముతారు. కుందులకు పర్వాలేదు. ఒక కుటుంబం 1889లో కార్సన్ సిటీ టంకశాలలో ముద్రించిన డాలర్ తెచ్చింది. ఆ ఏడాది అక్కడ ముద్రించినవి 3,50,000 మాత్రమే. అరిగిపోయినా మంచి ధర పలికే నాణెం. నాకు చూపించాలని ముందురోజు రాత్రే శుభ్రంగా తోమేశారు. వాళ్లకు విషయం చెప్పడం నాకు చాలా కష్టమైంది. అలాంటి వాటికి గ్రేడింగ్ సంస్థలు మామూలుగా నంబరు ఇవ్వవు, "క్లీన్డ్" అని రాసిస్తాయి. పోయిన పైపొర మళ్లీ రాదు. దయచేసి తోమకండి.

నల్లబడిందని కంగారు కూడా వద్దు. గాలిలోని గంధకంతో వెండి కలిస్తే వచ్చే రంగు అది. సహజంగా, అందంగా పట్టిన రంగుకు ఎక్కువ ఇచ్చి కొనేవాళ్లున్నారు.

అపోహ: నాణెం మీది స్వేచ్ఛాదేవి బొమ్మకు చెవి మీది జుట్టు కనబడకపోతే అరిగినట్టే.

న్యూ ఆర్లియన్స్ టంకశాల డాలర్లకు చాలాసార్లు అన్యాయం జరిగేది ఇక్కడే. అక్కడ ముద్ర బలహీనంగా పడినవి ఎక్కువ. చెవి మీది జుట్టు, వెనకవైపు గద్ద రొమ్ము ఈకలు పుట్టుకతోనే చదునుగా ఉంటాయి. అదే 1881 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్లు చూడండి, వెంట్రుక వెంట్రుకా తేలి ఉంటుంది. తేడా పట్టాలంటే ఆ చదును చోట లస్టర్ ఉందేమో చూడాలి. ఉంటే ముద్ర లోపం. మెరుపు చచ్చి బూడిదరంగు తేలితే అరుగుదల.

అపోహ: గాట్లున్నాయంటే చేతులు మారిన నాణెమే.

ఈ డాలర్లను వెయ్యేసి చొప్పున సంచుల్లో కట్టేవారు. ఒక్కో సంచి దాదాపు 27 కిలోలు. 1962-64 మధ్య అమెరికా ఖజానా నుంచి అలాంటి సంచులు విపరీతంగా బయటికొచ్చాయి. ఒక్కరోజు కూడా బజారు చూడని నాణేలు కూడా ఒకదానికొకటి తగిలి గాట్లు పడ్డాయి. అందుకే ఎంఎస్ 60 (వాడని నాణేలకిచ్చే గ్రేడ్‌లలో అట్టడుగుది) నాణెం మీది బొమ్మ చెంప నిండా గాట్లున్నా అది వాడని నాణెమే. కాస్త అరిగిన ఏయూ 58 (దాదాపు వాడనిది అనే గ్రేడ్) నాణెం దానికంటే అందంగా ఉండొచ్చు. చెంప మీద గాటుకు, జుట్టులో దాగిన గాటుకు శిక్ష ఒకటి కాదు. చూపు ముందు చెంప మీదికే పోతుంది కాబట్టి అక్కడి గాటుకే ఎక్కువ గ్రేడ్ తగ్గుతుంది.

అరిగినదానికీ అరగనిదానికీ మధ్య ఉన్న ఈ హద్దు ఎంత ముఖ్యమో 1884 శాన్‌ఫ్రాన్సిస్కో డాలర్ చెబుతుంది. అరిగినవి సులువుగా దొరుకుతాయి. అరగనివి అరుదు, ధర ఎన్నో రెట్లు. చెంప ఎముక మీద లేత బూడిద నీడ ఒక్కటి చాలు, నాణెం ఆ హద్దుకు అరిగిన వైపే ఉండిపోతుంది.

అపోహ: గ్రేడింగ్ సంస్థ నాణేన్ని పెట్టి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా మీది నంబరే ఆఖరి మాట.

1 నుంచి 70 దాకా ఉన్న ఈ కొలతను 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం తయారుచేశారు. గ్రేడింగ్ సంస్థలైన పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. వాటి గ్రేడర్లు అనుభవజ్ఞులే, వాళ్ల మాటకు నేను విలువిస్తాను. కానీ అది అభిప్రాయమే. ఒకే నాణెం రెండోసారి పంపితే 63 బదులు 64 రావచ్చు, 62 కూడా రావచ్చు. కొనేటప్పుడు నేను లేబుల్‌ను బొటనవేలితో మూసి, నాణెం చూసి, నా అంచనా కాగితం మీద రాసుకున్నాకే వేలు తీస్తాను. నా అంచనాకూ లేబుల్‌కూ రెండు పాయింట్ల కంటే ఎక్కువ తేడా వస్తే లూపు తీసి మళ్లీ చెంప దగ్గర మొదలుపెడతాను.