బెల్ ఆఫ్ లూయివిల్: షికారు పడవ గురించి అపోహలు - వాస్తవాలు

నేను మెరైన్ ఇంజినీర్ని, బాయిలర్లతోనే నా పని. అమెరికాలోని లూయివిల్ వచ్చిన మనవాళ్లను ఒహాయో నది మీద ఈ ఆవిరి పడవ ఎక్కించినప్పుడల్లా అవే మాటలు వింటుంటాను.

అపోహ: టూరిస్టుల కోసమే కట్టారు.

వాస్తవం: 1914లో పిట్స్‌బర్గ్‌లో "ఐడిల్‌వైల్డ్" పేరుతో కట్టారు. మొదట మెంఫిస్ దగ్గర మిసిసిపి దాటించే రేవు పడవ. జనంతో పాటు పత్తి, కలప, ధాన్యం మోసేది, మధ్యమధ్యలో షికార్లు. రెండో ప్రపంచ యుద్ధంలో చమురు బార్జీలను (సరుకు మోసే బల్లపరుపు పడవలను) నెట్టింది, సైనికులకు డాన్స్ హాలు కూడా అయింది. నీళ్లలో మునిగేది ఐదడుగులే కాబట్టి లోతు తక్కువున్న రేవుల్లోకీ వెళ్లేది, అందుకే ఏ కాలంలోనూ ఏదో ఒక పని దొరికింది.

అపోహ: వెనక ఎర్ర చక్రం అందానికి, లోపల డీజిల్ ఇంజినే, మన పాపికొండల లాంచీలా.

వాస్తవం: కాదండీ, పడవను తోసేది ఆ చక్రమే. ఇంజిన్ రూమ్ దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. చెరో పక్కన పడుకోబెట్టిన సిలిండరు, దాని పిస్టన్ పొడవాటి దూలం లాంటి చేతిని ముందుకూ వెనక్కూ తోస్తుంటుంది. రెండు వైపుల క్రాంకులూ (చక్రం ఇరుసును తిప్పే వంపు కడ్డీలు) ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో ఉంటాయి, ఒకటి చివరికొచ్చి ఆగే చోట రెండోది లాగుతుంది, లేకపోతే చక్రం ఎక్కడో ఇరుక్కుపోతుంది. మారింది బాయిలర్ల కింద మంటే, ఒకప్పుడు బొగ్గు, ఇప్పుడు ఆయిల్.

అపోహ: పడవకు పేరు మారిస్తే అరిష్టం.

వాస్తవం: దీనికిది మూడో పేరు! కెప్టెన్ బెన్ వింటర్స్ చివరి కోరిక మేరకు 1948లో "అవలాన్" అయింది, ఊరూరా తిరిగింది. 1962లో వేలానికొస్తే లూయివిల్ ఉన్న జెఫర్సన్ కౌంటీ జడ్జి (అక్కడ కౌంటీ పాలన చూసే పెద్ద) మార్లో కుక్ 34,000 డాలర్లకు కొన్నారు. పన్ను డబ్బు దండగని తిట్టినవాళ్లున్నారు, అప్పటి దాని అవతారం చూస్తే నేనూ తిట్టేవాణ్ణేమో.

అపోహ: పాతది కదా, కట్టేసి ఉంచితేనే భద్రం.

వాస్తవం: వాడని బాయిలరు తుప్పుపట్టడం నాకు రోజూ కనిపించేదే. అయినా దీన్ని కాపాడింది ఇంకో సంగతి, ఇందులో ఎవరూ రాత్రి పడుకోరు. 1963లో దీనితో పరుగు పందెంలో తలపడిన డెల్టా క్వీన్ అనే ఆవిరి పడవలో ప్రయాణికులు రాత్రిళ్లు పడుకునేవారు, దాని పైభాగం చెక్కది. అలాంటి చెక్క పడవల్లో ప్రయాణికులు రాత్రిళ్లు పడుకోకూడదన్న 1966 నాటి అగ్నిభద్రత చట్టం నుంచి దానికి ఇస్తూ వచ్చిన మినహాయింపు 2008లో ముగిసింది, మరుసటి ఏడాది చట్టనూగా అనే ఊళ్లో ఒడ్డుకు కట్టేసి హోటల్ చేశారు. బెల్ మాత్రం రెండు గంటలు తిప్పి దించేస్తుంది.