బకెట్టు మోసే రెక్కల అమ్మాయి

చిరంజీవులకు,

మీరు ముగ్గురూ పంపిన బొమ్మలు అందాయి. ఎక్కడా చూసి వేసినవి కావనీ, పేరు మొదలు జడ దాకా మీరే కల్పించారనీ అమ్మ ఫోనులో మురిసిపోతూ చెప్పింది. నాకూ సంతోషమే. కానీ ముగ్గురి బొమ్మలూ ఫోటో స్టూడియోలో నిలబెట్టినట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. పైగా అందరి చేతులూ వీపు వెనకే! అది వినయం కాదనీ, వేళ్లు వేయడం కష్టమై దాచేశారనీ ఈ పాత డ్రాయింగు మాస్టారికి తెలియదనుకున్నారా?

మీరు వేసిన రెక్కల అమ్మాయినే తీసుకుందాం. నడుముకున్న ఆ కత్తి పక్కన పెట్టించి, కుడి చేతికి నిండు బకెట్టు ఇవ్వండి. ఏమవుతుందో తెలియాలంటే ముందు మీరు పెరట్లో ఒకసారి మోసి చూడాలి. బరువు కుడి పక్కకు లాగుతుంది కనుక ఒళ్లు ఎడమకు ఒరుగుతుంది. కుడి చెయ్యి తాడులా బిగుస్తుంది. ఎడమ చెయ్యి తనంతట తానే దూరంగా చాచుకుంటుంది. ఖాళీ బకెట్టుతో ఇవేవీ జరగవు. అందుకే నీళ్లు కనిపించకపోయినా బకెట్టు నిండుగా ఉందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

చందమామలో శంకర్ గారు వేసిన విక్రమార్కుడు మా తరం కళ్లలో ఇంకా నడుస్తూనే ఉన్నాడు. సింహాసనం మీద ఎలా కూర్చునేవాడంటే నేను చెప్పలేను. భుజాన శవం, చేతిలో కత్తి, ముందుకు పడిన అడుగు మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి. అదీ మోతే కదా!

ఇక పోలిక. ఒక బొమ్మలో ఉన్న అమ్మాయే రెండో బొమ్మలోనూ ఉందని తెలియాలి. ఆర్.కె. లక్ష్మణ్ గారి సామాన్యుడికి గళ్ల కోటు, పంచె, కళ్లజోడు చాలాయి. గుంపులో ఓ మూల నిలబడ్డా, నోరు విప్పకపోయినా ఇట్టే దొరికిపోతాడు. మీరూ రెండు మూడు గుర్తులు పెట్టుకుని వాటిని వదలకండి. కొలత కూడా మారకూడదు. తల పొడవుతో కొలిస్తే పెద్దవాళ్ల ఎత్తు దాదాపు ఏడున్నర తలలు, ఆరేళ్ల పిల్లలది దాదాపు ఆరు తలలే. చిన్నదాని బొమ్మలో తమ్ముడు మరుగుజ్జు మామయ్యలా ఉండటానికి కారణం అదే, తల మరీ చిన్నదైంది.

రోజూ ఇంట్లో ఒకరిని రెండు నిమిషాలు చూసి, తర్వాత చూడకుండా వేయండి. నాయనమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు చూడండి, పెదవులు కూడా పని చేస్తుంటాయి. రబ్బరు జోలికి పోవద్దు. తప్పు గీత పక్కనే ఒప్పు గీత వేస్తే ఏది ఎందుకు తప్పో నాకూ కనిపిస్తుంది.

వచ్చే ఉత్తరంలో రెక్కల అమ్మాయిని కిక్కిరిసిన ఆటోలో కూర్చోబెట్టి పంపండి. ఆ రెక్కలు ఎక్కడ సర్దుకుంటుందో, పక్కనున్న ఆవిడ మొహం ఎలా పెడుతుందో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య