పొడపత్రాకు: నాలుక మీది మహిమ, నెత్తురులోని చక్కెర

శేషాచలం అడవుల్లో పొదలను అల్లుకుంటూ పైకి పాకే పొడపత్రి తీగను యానాదులు, నాటు వైద్యులు తరతరాలుగా ఎరుగుదురు. కణుపు కణుపుకూ ఎదురెదురుగా జంటగా వచ్చే దీని ఆకు కొనదేలి, సన్నని నూగుతో ఉంటుంది. ఒక ఆకును బాగా నమిలి, ఆ తర్వాత చిత్తూరు బెల్లం ముక్కను నోట్లో వేసుకుంటే మట్టిబెడ్డను చప్పరించినట్లే ఉంటుంది. ఉప్పు, పులుపు మాత్రం ఎప్పటిలాగే తెలుస్తాయి, కొంతసేపటికి తీపి కూడా తిరిగి వస్తుంది. తీపిని చంపే ఆకు ఒంట్లోని చక్కెరనూ చంపుతుందన్న నమ్మకం చాలామందిలో బలపడటానికి ఈ అనుభవమే కారణం. తిరుపతిలో పొడపత్రి పొడిని కొని, చక్కెర జబ్బుకు డాక్టరు రాసిన మాత్రలను పక్కన పెట్టేవారు కనిపిస్తున్నారు కనుక, ఈ రెండు సంగతులూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ కలవవో తెలుసుకోవడం అవసరం.

ఈ ఆకు గుణం పాశ్చాత్య శాస్త్ర పత్రాలకు ఎక్కింది 1847లో. ఎడ్జ్‌వర్త్ అనే ఆంగ్లేయ అధికారి, ఆకు నమిలాక పంచదార ఇసుకలా తోచిందని లండన్‌లోని లినియన్ సొసైటీకి తెలియజేశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1887లో, ఊటీలో ప్రభుత్వ క్వినైన్ రసాయన నిపుణుడిగా ఉన్న డేవిడ్ హూపర్ ఆకులను పరీక్షించి, ఈ పని చేసే పదార్థాన్ని వేరుచేసి దానికి జిమ్నెమిక్ ఆమ్లమని పేరు పెట్టాడు. అది ఒకే పదార్థం కాదనీ, ఒక కుటుంబమనీ ఇరవయ్యో శతాబ్దపు పరిశోధనల్లోనే తేలింది. ఇవి సపోనిన్లు, అంటే నీటిలో కలిపి గిలకొడితే కుంకుడు రసంలా నురుగు వచ్చే జాతి పదార్థాలు. ట్రైటెర్పినాయిడ్ అనే ఉంగరాల చట్రానికి ఒక పక్క గ్లూకురోనిక్ ఆమ్లం, మరో పక్క చిన్న ఆమ్ల భాగాలు అతుక్కుని ఉంటాయి. ఆ చిన్న భాగాల తేడాను బట్టే కుటుంబంలో ఒక్కో ఆమ్లం ఒక్కో తీరుగా ఉంటుంది.

ఇదే ఆకులో గుర్మారిన్ అనే మరో పదార్థం కూడా ఉంది. 35 అమైనో ఆమ్లాల ఈ చిన్న పెప్టైడ్, అంటే ప్రొటీన్ తునక లాంటిది, ఎలుకల నాలుక మీద తీపిని గట్టిగా అణచివేస్తుంది, మనుషుల మీద దాని ప్రభావం చాలా తక్కువ. మనుషుల్లో తీపిని మరుగుపరిచేవి జిమ్నెమిక్ ఆమ్లాలే. అవి తీపిని పట్టే గ్రాహకంలోని టీ1ఆర్3 అనే భాగాన్ని ఆశ్రయిస్తాయని 2014లో జపాన్ పరిశోధకులు చూపారు. ఎలుకల్లో కనబడిన ఫలితాన్ని మనుషులకు అంటగట్టే ముందు ఎందుకు ఆగాలో ఈ ఒక్క ఆకే చెబుతోంది.

నెత్తురులో చక్కెర సంగతికి వేరే చరిత్ర ఉంది. ఆయుర్వేదం మేషశృంగి పేరుతో ఈ ఆకును చాలా కాలంగా వాడుతోంది. 1930లో మ్హస్కర్, కేయస్ అనే పరిశోధకులు ఈ ఆకుపై చేసిన ప్రయోగాలను ప్రచురించారు. ఎక్కువమంది ఉదహరించేది మాత్రం 1990లో మద్రాసు పరిశోధకులు వెలువరించిన అధ్యయనాలను. ఇన్సులిన్ అక్కర్లేని 22 మంది చక్కెర జబ్బు రోగులకు మామూలు మందులతో పాటు రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారాన్ని 18 నుంచి 20 నెలల పాటు ఇవ్వగా చక్కెర తగ్గింది, అయిదుగురు పాత మందులను మానగలిగారు. ఆశ కలిగించే ఫలితమే, కాదనను. అయితే రోగులు కొద్దిమంది, ఎవరికి ఏ మందు అందుతోందో తెలియకుండా ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్ష కాదు. పైగా వారికి ఇచ్చింది కొలిచి తయారుచేసిన సారం, దుకాణంలో చెంచాతో తీసుకునే పొడి కాదు. మిగిలిన 17 మంది తమ మందులను మానలేదన్న సంగతి ప్రకటనల్లో కనబడదు.

క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదలను పెంచడం, పేగుల్లో గ్లూకోజు శోషణను తగ్గించడం వంటి మార్గాలను ప్రయోగశాలల్లో గమనించారు. గొట్టపు మాత్రగా మింగితే ఆకు నాలుకను తాకనే తాకదు కనుక, నోటి మహిమకూ ఈ మార్గాలకూ ముడిపెట్టడం కుదరదు. ఆకుకు నిజంగా చక్కెరను తగ్గించే శక్తి ఉంటే జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు దీన్ని కూడా కలిపితే చక్కెర మరీ పడిపోవచ్చు. ఈ మూలిక వాడిన ఒక రోగికి కాలేయం దెబ్బతిన్న ఉదంతం 2010లో వైద్య పత్రికకు ఎక్కింది. అందువల్ల పొడపత్రి వాడేవారు ఆ సంగతిని డాక్టరుకు చెప్పి, ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ ఉండాలి. అమ్మేవారు పొట్లం మీద జిమ్నెమిక్ ఆమ్లాల శాతాన్ని ముద్రించాలి.