మూత పడితేనే డోలు మోగుతుంది

బుజ్జికీ, పెద్దోడికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. "తాతయ్యా, అన్నయ్య ఇయర్‌బడ్స్ వాడి చెవిలో ఉంటే డోలు గుండెల్లో మోగినట్టు ఉంటుందట. అవే తీసి నేను పెట్టుకుంటే తగరపు డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తోంది. ఫోనూ అదే, పాటా అదే. నా చెవి మంచిది కాదా?" అన్నావు. ఆ చివరి ముక్క నాకు నచ్చలేదమ్మా. నీ చెవి బంగారం. గిన్నెకు మూత సరిపోలేదు, అంతే.

మూతేమిటంటావేమో. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాగుతున్నాయనుకో. మూత సరిగ్గా కూర్చుంటే ఆవిరి లోపలే ఉండి మూతను ఎత్తెత్తి కొడుతుంది. అంచు దగ్గర సందు ఉంటే ఆవిరి మెల్లగా అందులోంచి జారిపోతుంది, మూత కదలదు. నీ చెవి రంధ్రమే గిన్నె. ఇయర్‌బడ్ చివర తొడిగిన మెత్తటి రబ్బరు టిప్పే మూత. ఇయర్‌బడ్‌లో ఉండే చిన్న పొర ముందుకూ వెనక్కూ కదులుతూ, ఆ గిన్నెలో చిక్కిన కాస్త గాలిని నెడుతూ లాగుతూ ఉంటుంది. ఆ గాలి మహా అయితే ఒక చిన్న చెంచాలో సగం కూడా ఉండదు. డోలులాంటి బరువైన శబ్దానికి పొర నింపాదిగా కదులుతుంది. సెకనుకు యాభై సార్లో అరవై సార్లో ఊగుతుంది. అంత నింపాదిగా నెడితే, సందులోంచి తప్పుకుపోవడానికి గాలికి బోలెడంత వ్యవధి దొరుకుతుంది. అదే పాటలో మోగే చేతి తాళాల గలగల సెకనుకు వేల సార్లు ఊగుతుంది. గాలి సందు దాకా చేరేలోపే పొర వెనక్కి తిరిగిపోతుంది. అందుకే మూత వదులైతే తాళాలు వినిపిస్తాయి, డోలు కారిపోతుంది. మీరు బేస్ అంటారే, కారిపోయింది అదే. పెద్దోడి చెవికి సరిపోయిన టిప్పు నీ చెవిలో వదులైందో, లేక పెద్దదై లోపలికి దిగక అంచు మీదే నిలిచిందో. రెండింట్లోనూ సందు మిగులుతుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు మా ఇంట్లో ఒక ట్రాన్సిస్టర్ రేడియో ఉండేది. దానికి ఒంటి చెవి ఇయర్‌ఫోన్ ఒకటి, గట్టి ప్లాస్టిక్ బొడిపె. రాత్రి అందరూ పడుకున్నాక నేనూ మా అన్నయ్యా దుప్పటి ముసుగులో చేరి వంతులవారీగా వినేవాళ్లం. వాడికొక పాట, నాకొక పాట. ఇద్దరికీ కలిపి వినాలనిపిస్తే దాన్ని ఖాళీ గ్లాసులో వేసి, గ్లాసుకు రెండు పక్కలా తలలు ఆనించేవాళ్లం. గ్లాసులోంచి పాడేవాళ్ల గొంతు సన్నగా, చక్కగా వచ్చేది. డోలు మాత్రం వచ్చేది కాదు. రేడియోలోనే డోలు లేదని నేను నమ్మేవాణ్ణి. ఒక రాత్రి అన్నయ్య మెత్తటి పాతగుడ్డ పీలిక చించి ఆ బొడిపె చుట్టూ రెండు చుట్లు చుట్టి నా చెవిలో నొక్కాడు. అంతే! ఎక్కడ దాక్కుందో ఆ డోలు, ధాం ధాం అంటూ తల నడిమధ్యకు వచ్చేసింది. అన్నయ్య రేడియోను బాగుచేశాడనుకున్నాను. వాడు బాగుచేసింది నా చెవికీ బొడిపెకీ మధ్య ఉన్న సందును. అరవై ఏళ్లయింది, ఆ ధాం ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి బుజ్జీ, కొత్తవి కొనమని అమ్మను అడగకముందు పెట్టె అడుగున చూడు. సాధారణంగా రెండు మూడు సైజుల టిప్పులు వేరే ఇస్తారు. చాలామంది వాటి వంక కూడా చూడరు. ఒక్కొక్కటీ తొడిగి చూడు. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పడినా కంగారు పడకు. మనిషి రెండు చెవులూ అచ్చుగుద్దినట్టు ఉండవు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ మెల్లగా లాగు. చెవి దారి లోపల వంకరగా ఉంటుంది, అలా లాగితే కాస్త సూటిగా అవుతుంది. టిప్పు దిగాక చెయ్యి వదిలెయ్. డోలున్న పాట పెట్టి, ఇయర్‌బడ్‌ను వేలితో మెత్తగా, చాలా మెత్తగా ఒత్తు. ఒత్తగానే బేస్ పెరిగిందంటే మూత ఇంకా సరిగ్గా పడలేదన్నమాట. ఒత్తినా ఒత్తకపోయినా ఒకేలా ఉంటే సరిపోయినట్టే. ఆ తరువాత నోరు బార్లా తెరిచి మూసి చూడు. దవడ కదిలితే చెవి దారి ఆకారమూ మారుతుంది. అప్పుడు కూడా జారకుండా నిలిచిందే నీ టిప్పు. రబ్బరు ఏదీ పడకపోతే స్పాంజిలాంటి నురుగు (ఫోమ్) టిప్పులు ఉంటాయి. వాటిని వేళ్లతో నలిపి సన్నగా చేసి పెట్టుకుని, అర నిమిషం కదలకుండా ఉండాలి. అవి మెల్లగా ఉబ్బి చెవి ఆకారానికే వచ్చేస్తాయి. గుడ్డ పీలిక కన్నా ఎంతో మేలు.

బిగుతే మంచిదని లోపలికి కుక్కకండి. మూత బిగిసేకొద్దీ బయటి మోత లోపలికి రాదు, నిజమే. కానీ లోపలిది కూడా బయటికి పోదు. మీ మాటే మీకు కుండలోంచి వచ్చినట్టుంటుంది, నడుస్తుంటే అడుగుల చప్పుడు తలలో దబదబమంటుంది. కొందరికి అది భరించరానంత చికాకు. అలాంటివాళ్లకు టిప్పులు లేకుండా చెవి అంచున కూర్చునేవి హాయి. అవి మూత లేని గిన్నెలు. బేస్ కొంత వదులుకోవాలి, బదులుగా గాలి ఆడుతుంది, వెనక వచ్చే బండి హారన్ వినిపిస్తుంది. రోడ్డు మీద నడిచేవాళ్లకు అవే నయమని నేనంటాను.

పెద్ద హెడ్‌ఫోన్స్ విషయానికొస్తే పెద్దోడు చెవి గట్టిగా పెట్టి వినాలి. వాడికి కళ్లజోడు ఉంది కదా. హెడ్‌ఫోన్ కుషన్ చెవి చుట్టూ తలకు ఆనుకుని కూర్చోవాలి. కళ్లజోడు కాడ ఆ కుషన్ కిందినుంచి పోతే అక్కడ సన్నటి సందు పడుతుంది, మళ్లీ అదే కథ. కాడ సన్నగా, కుషన్ మెత్తగా, మందంగా ఉంటే ఆ సందు పూడుకుపోతుంది. చెవి మీద కూర్చునే చిన్న కుషన్లయితే చెవినీ కళ్లజోడు కాడనూ కలిపి నొక్కుతాయి, గంటకల్లా నొప్పి మొదలవుతుంది. చెవి మొత్తం కుషన్ లోపల ఇమిడిపోయేది తీసుకో. చెవి తమ్మె ఎక్కడా లోపలి గుడ్డకు తగలకూడదు. బరువు కూడా చూసుకోవాలి. రెండు వందల యాభై గ్రాములంటే చేతిలో ఏమీ అనిపించదు, నడినెత్తి మీద రెండు గంటలుంటే తెలుస్తుంది. అంగట్లో అర నిమిషం పెట్టుకుని "బాగుంది" అనేయకు. పావుగంటైనా ఉంచుకో. నొప్పి మొదట్లో చెప్పదు, పోగా పోగా చెబుతుంది.

వీటిలోనే మూత తీసేసిన రకం ఒకటుంది. వెనకభాగం జల్లెడలా తెరిచి ఉంటుంది, ఓపెన్ బ్యాక్ అంటారు. సెన్‌హైజర్ అనే జర్మన్ కంపెనీ 1968లో పసుపుపచ్చ స్పాంజి కుషన్లతో అలాంటిది తెచ్చింది. పాట తల లోపల కాకుండా గదిలో పాడుతున్నట్టుంటుంది. చెమట పట్టదు. కానీ పక్కవాళ్లకూ మీ పాట వినిపిస్తుంది, వాళ్ల మాటలు మీకూ వినిపిస్తాయి. ఇంట్లో ఒక్కడివే ఉన్నప్పుడు అంతకు మించింది లేదు.

ఇవాళ్టి హెడ్‌ఫోన్స్‌కు దగ్గరగా ఉండే తొలి యంత్రం వంటగదిలో పుట్టింది తెలుసా? అమెరికాలో నాథానియల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింటి బల్ల మీద చేతులతో చేసి, 1910లో అక్కడి నౌకాదళానికి పంపాడు. తెచ్చుకుని పెట్టుకున్నవాళ్లు అదిరిపోయారు. నాకు ఆయన కథ ఎందుకిష్టమంటే, పెద్ద ప్రయోగశాల లేదు, ఉన్నది ఒక బల్లా, రెండు చెవులూ.

మోతను మింగేసేవి కావాలని పెద్దోడు రాశాడు, నాయిస్ క్యాన్సిలేషన్. 1978లో అమర్ బోస్ అనే ఆచార్యుడు విమానంలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజిను హోరులో పాట మునిగిపోయింది. ఆ ప్రయాణంలోనే కాగితం తీసి లెక్కలు వేయడం మొదలుపెట్టాడట. బయటి హోరును చిన్న మైకు వింటుంది, హెడ్‌ఫోన్ సరిగ్గా దానికి ఎదురు అలను లోపల పుట్టిస్తుంది. ఎత్తుకు పల్లం పడి రెండూ చదునైపోతాయి. ఇదీ ఒక మూతే, గాలితో చేసిన మూత. అయితే ఒకే తీరున సాగే హోరుకే అది బాగా పనిచేస్తుంది, ఫ్యాన్‌కూ ఇంజినుకూ. ఉన్నట్టుండి పడిన పళ్లెం చప్పుడుకు అంతగా పనిచేయదు. పైగా రబ్బరు మూత సరిగ్గా పడకపోతే గాలి మూత కూడా సగం పనే చేస్తుంది. ఎదురు అల ఎలా పుడుతుందో ఉత్తరంలో పూర్తిగా చెప్పలేను. ఫ్యాన్ కింద కూర్చుని ఆ బటన్ ఒకసారి నొక్కి, ఆపి, మళ్లీ నొక్కి వినండి. హోరు ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టు మాయమవుతుంది. నాకైతే మొదటిసారి ఒళ్లు జలదరించింది.

లోపలి పొర ఎన్ని మిల్లీమీటర్లు, బ్లూటూత్‌లో ఏ కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. ముందు వాటి జోలికి పోకండి. పొర పెద్దదైనంత మాత్రాన పాట మెరుగుపడదు. ధర ఎక్కువైనా అంతే. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ కొలతలు తీసి చూస్తే, ఏ స్వరాన్ని ఎంత గట్టిగా వినిపిస్తాయన్న దానికీ ధరకూ సంబంధమే కనిపించలేదు. రెండింటిని పోల్చేటప్పుడు మాత్రం ఒక్కటి మరవకండి. రెండూ ఒకే గట్టిదనంతో మోగాలి. కాస్త గట్టిగా మోగేదే మనకు బాగున్నట్టు అనిపిస్తుంది, అది చెవి చేసే పొరపాటు. మీకు నోటికొచ్చిన పాటనే పెట్టుకోండి, ఏ చరణంలో ఏం వినిపించాలో ముందే తెలిసుంటుంది.

ఇప్పుడు కాస్త పెద్దరికం చేస్తాను, విసుక్కోకండి. మూత వదులైతే మనం చేసే మొదటి పని వాల్యూమ్ పెంచడం. కారిపోయిన డోలు అలా తిరిగి రాదు, తాళాలే మరింత గట్టిగా గుచ్చుకుంటాయి. చెవి లోపల నత్తగుల్లలాంటి చోట సుమారు పదిహేను వేల సన్నటి కేశకణాలుంటాయి. శబ్దాన్ని మెదడుకు అందించేవి అవే. చచ్చినవి మళ్లీ మొలవవు. శబ్దం గట్టిదనాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. వారానికి 40 గంటలు వింటే పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఆపైన మూడేసి డెసిబెల్స్ పెరిగినకొద్దీ వినదగ్గ గంటలు సగమవుతూ పోతాయి. 83 అయితే పెద్దవాళ్లకే 20 గంటలు, 86 అయితే పది. వాల్యూమ్ గీతను అరవై శాతం దాటనివ్వకండి. నాకు సన్నటి శబ్దాలు ఇప్పుడు వినిపించవు. కీచురాళ్లు అరుస్తున్నాయని మీ నాన్నమ్మ అంటే తలూపుతాను. అది వయసు తెచ్చింది, ఎవరూ ఏమీ చేయలేరు. మీరు మాత్రం చేజేతులా తెచ్చుకోకండి.

ఇంకో మాట చెప్పి ఆపేస్తాను. నిశ్శబ్దమైన గదిలో, వినిపించీ వినిపించని శబ్దం వచ్చిందనుకోండి. అప్పుడు కర్ణభేరి కదిలే దూరం ఒక అణువు వెడల్పు కన్నా తక్కువట. అణువు కన్నా తక్కువ! అంత కదలికనూ మనం వింటున్నాం. ఇది చదివిన రోజు నేను రాత్రి చాలాసేపు ఊరకే కూర్చుని, నా ఊపిరినే వింటూ ఉండిపోయాను.

ఆదివారం ఇద్దరూ కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని ఒకరి చెవి ఒకరు చూసుకోండి. లోపల పుల్లా వేలూ ఏమీ పెట్టకూడదు, చూడటమే. రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా ఉందా, కుడి ఎడమలు ఎంత తేడా ఉన్నాయో కాగితం మీద బొమ్మ గీయండి. తరువాత టిప్పులు మార్చి చూసి, ఏ చెవికి ఏది పడిందో ఆ బొమ్మ పక్కనే రాసి పంపండి. ఇయర్‌బడ్స్ మార్చుకునేటప్పుడు టిప్పులు తుడుచుకోవడం మరవకండి. బుజ్జీ, డోలు వినిపించిన నిమిషాన ఉత్తరం దాకా ఆగకుండా ఫోన్ చెయ్.

మీ
తాతయ్య