తునికీ అన్నవరానికీ మధ్య ఓ గీత

భారత ప్రామాణిక సమయ రేఖ ఏ ఊరి మీదుగా పోతుంది? పోటీ పరీక్షలకు చదివినవాళ్లెవరైనా ఠక్కున కాకినాడ అంటారు. ఆ రేఖ 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. కాకినాడ ఊరేమో దాదాపు 82 డిగ్రీల 15 నిమిషాల దగ్గరుంది. పావు డిగ్రీయే కదా అనుకోవద్దు, మన దగ్గర అది పాతిక కిలోమీటర్ల పైమాటే. ఓసారి విశాఖ రైల్లో ఫోన్ పట్టుకుని లొకేషన్ అంకెలు చూస్తూ కూర్చున్నాను. అన్నవరం దగ్గర 82.40, తుని వచ్చేసరికి 82.55. దేశమంతా గడియారం దిద్దుకునే గీత ఆ రెండూళ్ల నడుమ ఎక్కడో దాటిపోయింది. 2022లో జిల్లాలు విడదీశాక రెండూ కాకినాడ జిల్లాలోకే వచ్చాయి కాబట్టి గైడ్ల జవాబు ఇప్పుడు ఓ రకంగా నిజమే, అది వేరే సంగతి.

అక్షాంశాలతో ఇంత గొడవ లేదు. భూమి తిరుగుతోంది కాబట్టి ధ్రువాలున్నాయి, వాటికి సరిగ్గా నడుమ భూమధ్యరేఖ ఉంది. ధ్రువనక్షత్రం ఆకాశంలో ఎన్ని డిగ్రీల ఎత్తున కనిపిస్తే ఇంచుమించు అదే మన అక్షాంశం. కాకినాడలో సుమారు 17. రేఖాంశాలకు మాత్రం సున్నా ఎక్కడో మనుషులే తేల్చుకోవాలి. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం ఉజ్జయిని గీత నుంచి లెక్కపెట్టింది. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు సమావేశమైతే ఎక్కువ దేశాలు లండన్‌లోని గ్రీనిచ్‌కు ఓటేశాయి. ఫ్రాన్స్ ఎటూ ఓటెయ్యకుండా ఊరుకుంది.

అప్పటికి మన రైళ్లు మద్రాసు టైముతో నడుస్తున్నాయి. మద్రాసు నుంగంబాక్కంలో 1792లో కట్టిన అబ్జర్వేటరీ, అంటే నక్షత్రశాల, ఇచ్చిన టైము అది. అక్కడి గ్రానైటు స్తంభం మీద తెలుగులోనూ శాసనం చెక్కించారు. దేశాన్ని కొలవడానికి బ్రిటిష్ అధికారి లాంబ్టన్ 1802లో మొదలుపెట్టిన మహా సర్వేకు రేఖాంశాల ఆధారం కూడా ఆ అబ్జర్వేటరీయే. గ్రీనిచ్ కంటే మద్రాసు 5 గంటల 21 నిమిషాలు ముందుండేది. కలకత్తా, బొంబాయి టైములు వేరు, ఆ రెంటి మధ్యే గంటకు పైగా తేడా.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 82.5ను 4తో గుణిస్తే 330 నిమిషాలు, అంటే సరిగ్గా ఐదున్నర గంటలు. లెక్కకు చిల్లర మిగలదు, గీత దేశానికి ఇంచుమించు నడుమన పడుతుంది. అందుకే మద్రాసును పక్కనబెట్టి 1906 జనవరి 1 నుంచి దీన్ని పట్టుకున్నారు.

అందరూ వెంటనే లొంగలేదు. కలకత్తా తన టైమును 1948 దాకా, బొంబాయి 1955 దాకా వదల్లేదు. అస్సాం టీ తోటల్లో అయితే ఈ రోజుకీ గడియారం గంట ముందుకు పెట్టుకుని పనిలోకి దిగుతారు. దాన్ని ‘బాగాన్ టైమ్’ అంటారు, తోట టైము అన్నమాట.